తలుపు కొట్టే వీలులేని చోట మోర్మన్ మిషనరీలు: ఢిల్లీ నుంచి హైదరాబాద్ దాకా

దక్షిణ ఢిల్లీలోని వసంత్ కుంజ్ నుంచి హర్యానా సరిహద్దుకు పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. తూర్పున యమున దాటితే ఉత్తరప్రదేశ్. వసంత్ కుంజ్‌లో ఒక వ్యక్తి మతం మారితే అది అతని సొంత విషయం. ఢిల్లీలో మత మార్పిడి నిరోధక చట్టం లేదు. అదే వ్యక్తి గురుగ్రామ్‌లో కాపురముంటే 2022 నాటి హర్యానా చట్టం, నోయిడాలో ఉంటే 2021 నాటి ఉత్తరప్రదేశ్ చట్టం వర్తిస్తాయి. ఆ రెండు చోట్లా జిల్లా మేజిస్ట్రేట్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఒకే మహానగరం, ఒకే మెట్రో, కానీ ఒకే పనికి మూడు రకాల పర్యవసానాలు.

ఈ మూడు రకాల పరిస్థితుల నడుమ పనిచేసే మత సంస్థల్లో అమెరికాకు చెందిన ‘ది చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్ డే సెయింట్స్’ ఒకటి. జనం నోట వీళ్ళు మోర్మన్లు. తమను ఆ పేరుతో పిలవవద్దని 2018లో ఆ సంఘం అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ కోరారు గానీ పాత పేరు పోలేదు. 2007లో ఈ సంఘం న్యూఢిల్లీ కేంద్రంగా ప్రత్యేక మిషన్ ఏర్పాటు చేసింది. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుపట్టీతో ఇద్దరేసి కలిసి తిరిగే యువకులు ప్రపంచంలో ఎక్కడైనా ఈ సంఘానికి గుర్తు. వాళ్ళు ఎవరు, ఏం కోరి వస్తారు, వాళ్ళ పని భారతదేశంలో ఎందుకు ఇంత నెమ్మదిగా సాగింది అన్న ప్రశ్నలకు జవాబు ఢిల్లీలో సగమే దొరుకుతుంది. మిగతా సగం తెలుగు నేల మీద ఉంది.

పద్దెనిమిదేళ్ళ ‘పెద్దలు’

ప్రపంచవ్యాప్తంగా 1.7 కోట్లకు పైగా సభ్యులున్నామని చెప్పే ఈ సంఘానికి 70 వేలకు పైగా పూర్తికాలపు మిషనరీలు ఉన్నారు. జీతం తీసుకునే మత బోధకులు వీళ్ళలో లేరు. అబ్బాయిలకు కనీస వయసు 18 ఏళ్ళు. అంతకుముందు 19 ఉండేది, 2012లో తగ్గించారు. అప్పుడే అమ్మాయిల వయసును కూడా 21 నుంచి 19కి దించారు. అబ్బాయిలు రెండేళ్ళు, అమ్మాయిలు ఏడాదిన్నర పనిచేస్తారు. అబ్బాయిలను ‘ఎల్డర్’ అంటారు, అంటే పెద్ద. ఇంకా కాలేజీ పూర్తికాని కుర్రాడిని అందరూ ఆ పేరుతోనే పిలవాలి.

ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళు ఎంచుకోరు. దరఖాస్తు పెడితే సాల్ట్ లేక్ సిటీలోని ప్రధాన కార్యాలయం నుంచి పిలుపు వస్తుంది. అందులో ఏ దేశం రాసి ఉంటే ఆ దేశమే. పొద్దున్నే లేవడం మొదలు రాత్రి పడుకోవడం వరకు దినచర్య రాసిపెట్టి ఉంటుంది. వెంట ఉండే జతగాడిని వదిలి ఒంటరిగా తిరగకూడదు. ప్రేమ వ్యవహారాలు కుదరవు. ఇంటికి ఏడాదికి రెండుసార్లే ఫోన్ చేయాలన్న పాత నియమాన్ని 2019 ఫిబ్రవరిలో సడలించి వారానికోసారి మాట్లాడుకోనిచ్చారు.

ఖర్చు ఎవరిది? చాలా దేశాల మిషనరీలకు నెలకు 500 డాలర్ల లెక్కన కుటుంబమే కడుతుంది. టోక్యో వెళ్ళినా, ఢిల్లీ వచ్చినా అంతే మొత్తం. కట్టలేని ఇళ్ళ పిల్లలకు స్థానిక సంఘాలు, ఉమ్మడి మిషనరీ నిధి తోడవుతాయి. కాబట్టి ఉతా రాష్ట్రం నుంచి వచ్చే యువకుడికి ఈ రెండేళ్ళు కుటుంబం భరించే ఖర్చు. మధ్యతరగతి కంటే దిగువన ఉన్న తెలుగు ఇంటి యువకుడికి అది చాలావరకు సంఘం భరించే ఖర్చు అవుతుంది. చదువు, ఉద్యోగం, పెళ్ళి సంబంధం అన్నీ ఒక వరుసలో జరగాలనుకునే మన ఇళ్ళలో రెండేళ్ళ విరామం చిన్న నిర్ణయం కాదు.

వీళ్ళు చెప్పేదేమిటి

1820ల్లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు తనకు దైవదర్శనం కలిగిందని చెప్పాడు. బంగారు రేకుల మీద చెక్కిన ప్రాచీన గ్రంథం తనకు దొరికిందని, దాన్ని దైవశక్తితో అనువదించానని ప్రకటించాడు. అదే 1830లో అచ్చయిన ‘బుక్ ఆఫ్ మోర్మన్’. ఆ ఏడాది ఏప్రిల్ 6న సంఘం ఏర్పడింది. ఏసు అనుచరుల తరం తరువాత అసలైన సంఘం లోకంలో లేకుండా పోయిందని, దాన్ని దేవుడు స్మిత్ ద్వారా తిరిగి నెలకొల్పాడని వీళ్ళ విశ్వాసం. మిషనరీల పని కూడా అదే: ఆ పునఃస్థాపన వార్త చెప్పడం, విన్నవారిని పశ్చాత్తాపానికి, బాప్తిస్మానికి ఆహ్వానించడం, ఆ తరువాత సంఘంలో నిలబెట్టడం.

మిగతా క్రైస్తవులతో పేచీ అక్కడే వస్తుంది. తక్కిన సంఘాలన్నీ దారి తప్పాయన్నది ఈ బోధలోనే ఉంది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న త్రిత్వ సిద్ధాంతాన్ని వీళ్ళు సంప్రదాయ అర్థంలో ఒప్పుకోరు. బైబిలుతో పాటు మరికొన్ని గ్రంథాలను పవిత్రమంటారు. అందుకే మోర్మన్ల బాప్తిస్మం చెల్లదని వాటికన్ 2001లో తేల్చింది. ప్రొటెస్టెంట్లలోనూ చాలామంది వీళ్ళను క్రైస్తవులుగా లెక్కవేయరు. భారతదేశంలో ఈ మిషనరీల మీద అనుమానం హిందూ సంస్థలకే ఉంటుందనుకుంటే పొరపాటు. తమ మందలోని గొర్రెలను ఎత్తుకుపోతున్నారన్న ఫిర్యాదు పాస్టర్ల నుంచి కూడా వస్తుంది.

చేరినవాళ్ళ జీవితం కూడా గట్టిగా మారాలి. మద్యం, పొగాకుతో పాటు కాఫీ, టీ మానాలి. అతిథికి టీ ఇవ్వడమే మర్యాద అయిన దేశంలో ఇది రోజూ పదిమందికి సంజాయిషీ చెప్పుకోవలసిన నియమం. ఆదాయంలో పదో వంతు సంఘానికి ఇవ్వాలి. వివాహం శాశ్వత బంధం కావాలంటే ఆలయంలో క్రతువు జరగాలి. భారతదేశంలో ఆలయం లేక సభ్యులు హాంకాంగ్ వంటి చోట్లకు వెళ్ళేవారు. బ్యాంకాక్ ఆలయం 2023 అక్టోబరులో తెరుచుకుంది. బెంగళూరులో ఆలయం కడతామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించి, 2020 డిసెంబరులో పనులకు శ్రీకారం చుట్టారు.

మొదటి రాక, మొదటి ఓటమి

మోర్మన్లు భారతదేశానికి కొత్త కాదు. సిపాయిల తిరుగుబాటుకు ముందే, 1851లో, ఇంగ్లండ్ మీదుగా కొందరు కలకత్తా చేరారు. 1852 ఆగస్టులో సాల్ట్ లేక్ సిటీలో జరిగిన సమావేశంలో మరికొందరిని భారతదేశానికి నియమించారు. నథానియేల్ జోన్స్ నాయకత్వంలో వాళ్ళు 1853 ఏప్రిల్‌లో కలకత్తాలో ఓడ దిగారు. హ్యూ ఫిండ్లే బొంబాయి, పూనా ప్రాంతంలో పనిచేశాడు. రిచర్డ్ బాలంటైన్ అదే ఏడాది మద్రాసు చేరి ఏడాదిపాటు ఉన్నాడు. సొంతంగా ఒక పత్రిక కూడా నడిపాడు. కోస్తాంధ్ర, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. కానీ అతని మాట తెలుగు ఊళ్ళ దాకా వెళ్ళలేదు. అతని శ్రోతలు ఎక్కువగా ఇంగ్లీషు సైనికులు, యూరోపియన్లు.

అంత శ్రమకూ దక్కిన బాప్తిస్మాలు పదుల్లోనే. దానికి కారణాలు ఆ సంఘ చరిత్రకారులే రాశారు. చేతిలో పైసా లేకుండా, ఇచ్చిన ఇంట తిని బోధించాలన్న నియమం అమెరికా పల్లెల్లో చెల్లింది. కంపెనీ పాలనలోని కంటోన్మెంట్లలో అలా తిరిగే తెల్లవాణ్ణి అధికారులు దగ్గరికి రానివ్వలేదు. స్థానిక భాషలు రావు. పైగా బహుభార్యాత్వం తమ సిద్ధాంతమని సంఘం 1852లో బహిరంగంగా ప్రకటించింది. ఆ వార్త మిషనరీల వెంటే భారతదేశానికి చేరి, తక్కిన క్రైస్తవ మిషన్ల చేతికి మంచి ఆయుధమైంది. 1856 నాటికి అందరూ వెనుదిరిగారు. సంఘం 1890లో బహుభార్యాత్వానికి స్వస్తి చెప్పినా, ఆ మచ్చ మాత్రం పేరుకు అంటుకునే ఉంది.

ఆ తరువాత వందేళ్ళకు పైగా భారతదేశంలో చెప్పుకోదగ్గ మోర్మన్ పని లేదు. తిరిగి మొదలైనప్పుడు దారి పూర్తిగా వేరు.

హైదరాబాద్ దారి: బంధుత్వం

హైదరాబాద్‌కు చెందిన ఎడ్విన్ ధర్మరాజు కీటక శాస్త్రవేత్త. 1970ల్లో ఉద్యోగరీత్యా పసిఫిక్ ద్వీపమైన సమోవాలో ఉండేవారు. అక్కడే ఆయన, భార్య ఎల్సీ ఈ సంఘంలో చేరారు. సంఘం వాళ్ళిద్దరినీ ప్రత్యేక మిషనరీలుగా నియమించి 1978 డిసెంబరులో సొంత ఊరికి పంపింది. కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా బాప్తిస్మం పొందారు. వాళ్ళలో ఎక్కువమంది బంధువులే. ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం బాప్టిస్టు పాస్టరు. ‘బుక్ ఆఫ్ మోర్మన్’ను తెలుగులోకి తేవడానికి పూనుకున్నది ఆయనే.

ఈ చిన్న సంఘటనలో పెద్ద విషయం ఉంది. విదేశీయుడు వచ్చి తలుపు కొట్టలేదు. తెలుగువాడే విదేశంలో మతం మారి, తిరిగొచ్చి, తెలుగు మాటతో, భోజనాల బల్ల దగ్గర, మామగారితో, మరదళ్ళతో మాట్లాడాడు. విన్నవాళ్ళకు బైబిలు కొత్త కాదు. ఏసు కొత్త కాదు. వాళ్ళు ఒక దేవుణ్ణి వదిలి మరో దేవుణ్ణి పట్టుకోలేదు. ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి మారారు.

సరిగ్గా వందేళ్ళ ముందు జరిగిన దానితో పోల్చితే తేడా తెలుస్తుంది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ధాత కరువు వెళ్ళిన రోజులవి. కూటి కోసం చేరుతున్నారన్న మాట పడకూడదని క్లౌ కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపాడు. బకింగ్‌హామ్ కాలువ పనిలో కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి ఇప్పించాడు. అది ఒక కులం ఊళ్ళకు ఊళ్ళుగా కదిలిన ఉద్యమం. 1978 హైదరాబాద్‌లో కదిలింది ఒక కుటుంబం. మొదటిది వేల మందితో సాగింది. రెండోది ఇంటి గడప లోపలే పెరిగింది.

ఆ పెరుగుదల నెమ్మదిగానే సాగింది. రాజమహేంద్రవరం, విశాఖపట్నం వంటి చోట్ల కూడా చిన్న సంఘాలు ఏర్పడ్డాయి. 1993 జనవరిలో బెంగళూరు కేంద్రంగా భారతదేశానికి సొంత మిషన్ వచ్చింది. అంతకుముందు సింగపూర్ నుంచే చూసుకునేవారు. 2012 మే 27న హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి ‘స్టేక్’ ఏర్పడింది. స్టేక్ అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పరిపాలనా విభాగం. బయటి మిషనరీ అజమాయిషీ లేకుండా తమ వ్యవహారాలు తామే నడుపుకోగలరని ప్రధాన కార్యాలయం నమ్మినప్పుడే అది వస్తుంది. రాజధాని ఢిల్లీ కాదు, మొదట వచ్చిన కలకత్తా కాదు. ఆ గుర్తింపు ముందుగా దక్కింది తెలుగు నగరానికి. కారణం ఆ నగరంలో కుటుంబాలు దొరికాయి.

ఢిల్లీలో ఎందుకు కుదరదు

ఢిల్లీ పరిస్థితి వేరు. వసంత్ కుంజ్‌నే తీసుకుంటే, అది ఢిల్లీ అభివృద్ధి సంస్థ సెక్టార్లుగా, పాకెట్లుగా కట్టిన కాలనీ. పాకెట్‌కో గేటు, గేటుకో కాపలాదారు, లోపల నివాసుల సంఘం. లోపలికి రావాలంటే ఏ ఇంటికో చెప్పాలి, ఆ ఇంటివారు సరేనని గార్డుకు చెప్పాలి. అమెరికాలో ఈ మిషనరీలకు పేరు తెచ్చిన ‘తలుపు తట్టే’ పద్ధతి ఈ గేటు దగ్గరే ఆగిపోతుంది. లోపల ఉండేవాళ్ళూ ఒక ఊరివాళ్ళు కారు. ఉద్యోగాల కోసం నాలుగు దిక్కుల నుంచి వచ్చినవాళ్ళు. మేనమామ మాట విని వెంట నడిచే బలగం అక్కడ ఉండదు.

ఇదే వసంత్ కుంజ్‌లో 2015 ఫిబ్రవరి 2న సెయింట్ అల్ఫోన్సా చర్చిలో దుండగులు చొరబడ్డారు. అది కాథలిక్కులది, మోర్మన్లతో సంబంధం లేదు. కానీ అంతకు రెండు నెలల ముందు దిల్షాద్ గార్డెన్‌లో సెయింట్ సెబాస్టియన్ చర్చి తగలబడింది. వరుస సంఘటనలతో నగరంలోని క్రైస్తవులు నిరసనకు దిగితే పోలీసులు చాలామందిని అదుపులోకి తీసుకున్నారు. ఫిబ్రవరి 17న విజ్ఞాన్ భవన్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ ఎవరి మతాన్ని వాళ్ళు అనుసరించే స్వేచ్ఛను తన ప్రభుత్వం కాపాడుతుందని హామీ ఇచ్చారు. శతాబ్దాలుగా ఉన్న కాథలిక్కులకే అంత కలవరమైతే, సంఖ్యలో అతి చిన్నదైన, విదేశీ ముద్ర పడిన సంఘం ఎంత తల దించుకుని నడవాలో ఊహించవచ్చు.

వీసా మరో గేటు. పర్యాటక వీసా మీద వచ్చి మత ప్రచారం చేయకూడదు. 2020లో నిజాముద్దీన్ మర్కజ్ ఉదంతంలో తబ్లీగీ జమాత్ విదేశీయుల మీద పెట్టిన కేసుల్లో వీసా షరతుల ఉల్లంఘన ఒక అభియోగం. మిషనరీలకు వేరే వీసా ఉంది గానీ, దాన్ని ఇవ్వడం ప్రభుత్వ విచక్షణ. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు కూడా మినహాయింపు లేదు. 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డుదారులు మిషనరీ, తబ్లీగీ పనులు చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. డల్లాస్‌లో ఈ సంఘంలో చేరిన తెలుగు యువకుడు సెలవులకు అమ్మమ్మ ఊరు రావచ్చు, మిషనరీగా రావాలంటే మాత్రం అనుమతి పత్రం కావాలి.

ఈ గేట్లన్నీ కలిసి ఒక ఫలితాన్ని ఇచ్చాయి. భారతదేశంలో మోర్మన్ పని రానురాను భారతీయుల భుజాల మీదికే చేరింది. విదేశీయుణ్ణి ఆపడానికి పెట్టిన ఆంక్షలు స్థానిక మిషనరీలను తయారు చేసుకోక తప్పని పరిస్థితి తెచ్చాయి.

చట్టం ఊహించుకున్న మనిషి

మత మార్పిడి చట్టాలు ఎవరిని మనసులో పెట్టుకుని రాశారో వాటి నిర్వచనాలు చదివితే తెలుస్తుంది. ఉత్తరప్రదేశ్ చట్టం ప్రకారం ‘ప్రలోభం’ అంటే డబ్బు, కానుక, ఉద్యోగం, మత సంస్థ నడిపే మంచి బడిలో ఉచిత చదువు మాత్రమే కాదు. మెరుగైన జీవితం, దైవాగ్రహం అన్న మాటలు కూడా అందులో ఉన్నాయి. మతం మారదలచినవారు 60 రోజుల ముందు, మార్పించే వ్యక్తి నెల ముందు జిల్లా మేజిస్ట్రేట్‌కు తెలపాలి. తెలపకపోతే మారినవారి కంటే మార్పించినవారికి శిక్ష ఎక్కువ. 2024 సవరణతో కొన్ని నేరాలకు యావజ్జీవం దాకా వెళ్ళింది, ఫిర్యాదు ఎవరైనా చేయవచ్చన్న వెసులుబాటూ వచ్చింది. పూర్వ మతానికి తిరిగి వెళ్ళడం మాత్రం ఈ చట్టం కింద మార్పిడి కాదు.

మోర్మన్ సంఘంలో జీతం తీసుకునే పురోహితుడు ఉండడు. బాప్తిస్మం ఇచ్చే అధికారం ఎల్డర్‌కు ఉంటుంది. నోయిడాలో ఆ పని చేసే ఇరవై ఏళ్ళ యువకుడు చట్టం దృష్టిలో ‘మతం మార్పించే వ్యక్తి’. అతను రాజమహేంద్రవరం నుంచి వచ్చినవాడైనా, తన రెండేళ్ళ సేవ కోసమే వచ్చినా అంతే. యమున దాటక ముందు అతను చేసింది రాజ్యాంగం 25వ అధికరణం అనుమతించిన ప్రచారం. దాటాక చేసింది నెల ముందు నోటీసు ఇవ్వకపోతే జైలుకు పంపగల పని.

ప్రచారం చేసే హక్కు అంటే మార్పించే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో రెవరెండ్ స్టెయినిస్లాస్ కేసులో చెప్పింది. నాటి నుంచీ ఆ తీర్పే రాష్ట్రాల చట్టాలకు దన్ను. అయితే మారే వ్యక్తి హక్కు ఏమిటన్న ప్రశ్న ఆ తీర్పులో వెనకబడింది. 2025 అక్టోబరు 17న ఉత్తరప్రదేశ్‌లోని ఫతేపూర్ కేసుల్లో పలు ఎఫ్ఐఆర్‌లను కొట్టివేస్తూ, అమాయకులను వేధించడానికి క్రిమినల్ చట్టం సాధనం కారాదని సుప్రీంకోర్టు హెచ్చరించింది. వ్యక్తి విశ్వాసాన్ని ముందుగా అధికారికి ప్రకటించాలన్న షరతు గోప్యత హక్కుతో ఎలా పొసుగుతుందన్న సందేహాన్నీ వ్యక్తం చేసింది. ఈ చట్టాల రాజ్యాంగబద్ధత మీద తుది మాట ఇంకా రావాలి.

హైదరాబాద్ ఉదాహరణ ఈ చర్చలో ఒక చిక్కుముడి వేస్తుంది. బాప్టిస్టు ఇంటివారు మోర్మన్ అయితే అది మత మార్పిడేనా? వాటికన్‌నూ, పాస్టర్లనూ అడిగితే అవునంటారు. జనగణన కాగితం దృష్టిలో ఇద్దరూ క్రైస్తవులే. చట్టం కాపలా కాసే గీత ఒకటి, మనుషులు నిజంగా దాటే గీత మరొకటి.

దళిత క్రైస్తవులకు ఇంకో గీత ఉంది. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఎస్సీ హోదా. క్రైస్తవం తీసుకున్నవారు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని ఆశ్రయించలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది. ఆదివారం చర్చి, సర్టిఫికెట్‌లో హిందూ అన్న సర్దుబాటుతో తెలుగు జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. మోర్మన్ సంఘం స్వభావం దానికి విరుద్ధం. ప్రతి బాప్తిస్మం నమోదవుతుంది, ప్రతి సభ్యుడికీ రికార్డు సంఖ్య ఉంటుంది. అస్పష్టతే రక్షణగా బతికేవారికి ఇంత స్పష్టత భారమే.

అడగవలసిన ప్రశ్నలు

చట్టం మితిమీరిందన్నంత మాత్రాన సంఘాన్ని ప్రశ్నించకూడదని కాదు. మొదటిది డబ్బు. దశమ భాగాలతో కూడిన నిధిని పెట్టుబడి పెట్టే ‘ఎన్‌సైన్ పీక్’ సంస్థ తన వాటాల వివరాలను డొల్ల కంపెనీల వెనక దాచిందని అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ తేల్చింది. 2023 ఫిబ్రవరిలో ఆ సంస్థ, సంఘం కలిసి 50 లక్షల డాలర్ల జరిమానా కట్టాయి. వేల కోట్ల డాలర్ల నిధి ఉన్న సంఘానికి నెలకు ఇరవై వేలు సంపాదించే ఇల్లు కూడా పదో వంతు ఇవ్వాలనడం ఆలోచించవలసిన విషయం.

రెండోది చనిపోయినవారి పేరిట ఇచ్చే బాప్తిస్మం. బతికున్న వ్యక్తి ఒకరు ప్రతినిధిగా నీళ్ళలో మునుగుతారు. నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్లు వాడినందుకు ఈ సంఘం తీవ్ర విమర్శలు ఎదుర్కొని, అలా చేయబోమని ఒప్పుకోవలసి వచ్చింది. మహాత్మా గాంధీ పేరిట కూడా ఆ క్రతువు జరిగిందన్న వార్త 2012లో వెలువడింది. ఆత్మకు ఒప్పుకునే, తిరస్కరించే స్వేచ్ఛ ఉంటుందని సంఘం వాదిస్తుంది. అనుమతి ఇవ్వడానికి లేని మనిషి పేరు వాడుకోవడం మర్యాదేనా అన్నది మతాలకు అతీతమైన ప్రశ్న.

మూడోది వివక్ష చరిత్ర. నల్లజాతి పురుషులకు పౌరోహిత్యం ఇవ్వకూడదన్న నిషేధం 1978 జూన్ వరకు కొనసాగింది. మహిళలకు పౌరోహిత్యం ఇప్పటికీ లేదు.

ఇటువైపు రాయవలసినవీ ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి తల్లిదండ్రుల అనుమతి లేకుండా, వివాహితులకు భార్య లేదా భర్త సమ్మతి లేకుండా బాప్తిస్మం ఇవ్వకూడదని ఈ సంఘం నియమావళి చెబుతోంది. బాప్తిస్మానికి ముందు పాఠాలు, ఆ తరువాత ముఖాముఖి ఉంటాయి. రాత్రికి రాత్రి మతం మార్చేస్తున్నారన్న ఆరోపణకు ఈ పద్ధతి సరిపడదు. చేరితే దొరికేదానికంటే వదులుకోవలసినవే ఎక్కువ కనిపించే మతమిది.

లెక్క చెప్పే నిజం

సంఘం చెప్పే లెక్కల ప్రకారమే భారతదేశంలో సభ్యులు సుమారు 15 వేలు. 2011 జనగణనలో క్రైస్తవులు 2.78 కోట్లు. బెంగళూరు మిషన్ వచ్చి మూడు దశాబ్దాలు దాటాక కూడా, నూట నలభై కోట్ల దేశంలో ఇది ఒక మోస్తరు పల్లె జనాభా కంటే కాస్త ఎక్కువ. మతం మార్చడమే ఏకైక ప్రయోజనమైతే ఇంత ఖర్చు, ఇన్ని యువ సంవత్సరాలు పెట్టి సాధించింది చాలా తక్కువ.

కానీ ప్రయోజనం ఇంకొకటి ఉంది, అదే ఎక్కువగా నెరవేరుతోంది. రెండేళ్ళు పరాయి ఊళ్ళో, పరాయి భాషలో, రోజూ కాదనిపించుకుంటూ తన విశ్వాసాన్ని పదిమందికి వివరించిన యువకుడు మారేది ఎదుటివాణ్ణి కాదు, తనను తాను. తిరిగి వచ్చేసరికి అతను సభలో మాట్లాడగలడు, లెక్కలు చూడగలడు, పదిమందిని నడపగలడు. జీతం తీసుకునే పాస్టర్లు లేని సంఘానికి రేపటి నాయకులు అలాగే తయారవుతారు. హైదరాబాద్‌కు ముందుగా స్టేక్ రావడం వెనక ఇలాంటి మనుషులున్నారు. ఈ పనిలో మిషనరీయే మొదటి శిష్యుడు.

ప్రభుత్వాలు పెట్టే చట్టాలు బయటి నుంచి డబ్బు సంచితో వచ్చే మనిషిని వెతుకుతున్నాయి. తెలుగువారి అనుభవంలో ఈ మతం వచ్చింది సమోవా నుంచి సెలవు మీద వచ్చిన అల్లుడి మాట ద్వారా. అల్లుడు మామగారితో మాట్లాడటానికి ఏ జిల్లా మేజిస్ట్రేట్ అనుమతీ అక్కరలేదు, అడగడం మొదలుపెడితే ఆగే చోటూ ఉండదు. మోసం, బెదిరింపు, డబ్బు ఉన్నచోట శిక్షించడానికి మామూలు క్రిమినల్ చట్టాలు ఉన్నాయి. అవేవీ లేనిచోట మిగిలేది ఒక పెద్దమనిషి ఇంకొకరి మాట విని, ఒప్పుకోవడమో, టీ ఇచ్చి సాగనంపడమో చేసే స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ వసంత్ కుంజ్‌లో ఎంత ఉందో నోయిడాలోనూ, గురుగ్రామ్‌లోనూ అంతే ఉండాలా, అక్కరలేదా అన్నదే కోర్టుల ముందున్న అసలు ప్రశ్న. మోర్మన్ల సంఖ్య ఎంత చిన్నదైనా ఆ జవాబు అందరికీ వర్తిస్తుంది.